వాన లోటు లేదు, మరి బోరు ఎందుకు ఎండింది?

2023 వానాకాలాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వ్యవధిలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతకుముందు ఎన్నడూ నమోదు కాని వర్షపాతం అది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తానికి 1901 తరువాత అత్యంత పొడి ఆగస్టుగా రికార్డుకెక్కింది. సెప్టెంబరు చివర్లో లెక్క తీసేసరికి రాష్ట్రంలో వర్షపాతానికి లోటు లేదు, సగటు కంటే కొంత ఎక్కువే. కాగితం మీద అది మంచి సంవత్సరం. ఆరు నెలలు తిరిగేసరికి, 2024 మార్చిలో, హైదరాబాద్ పశ్చిమ శివార్లలో బోర్లు ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేశాయి. జలమండలి ట్యాంకర్లు రాత్రింబగళ్లు తిరిగినా గిరాకీ తీరలేదు.

వాతావరణ మార్పు అనగానే మనకు కరువు గుర్తొస్తుంది. వానలు తగ్గుతాయి, కాబట్టి నీళ్లు అడుగంటుతాయి అనుకుంటాం. హైదరాబాద్ విషయంలో ఈ సూటి లెక్క పనిచేయదు. వాన మొత్తం తగ్గకపోయినా ఇక్కడి భూగర్భ జలం దెబ్బతినగలదు. అదెలాగో తెలియాలంటే ముందు మన కాళ్ల కింది రాయి గురించి, తరువాత ఆకాశం గురించి, ఆ రెంటి మధ్య మనం పరిచిన కాంక్రీటు గురించి మాట్లాడుకోవాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. వాన తీరును మార్చడం ఈ నగరం ఒక్కదాని వల్ల కాదు. ఆ వాన ఆగి ఇంకే చోటును కాపాడుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఆ చోటునే మనం ఏటేటా చెరిపేస్తున్నాం.

కాళ్ల కింది రాయి

హైదరాబాద్ గ్రానైటు మీద నిలిచిన ఊరు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి ఇది. గోల్కొండ, మౌలాలి, ఖాజాగూడ గుట్టల మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపించే బండలన్నీ ఆ రాయివే. గ్రానైటు రేణువుల మధ్య నీరు దూరే సందులుండవు. నీరు నిలవడానికి రెండే చోట్లు ఉన్నాయి. ఒకటి, రాయి శిథిలమై మెత్తబడిన పై పొర. రెండు, దాని కింది పగుళ్లు.

కొత్త భవనం కోసం తవ్విన సెల్లారు గుంత అంచున నిలబడి ఎదుటి గోడను చూస్తే ఈ అమరిక కళ్లకు కడుతుంది. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి. దాని కింద పసుపు, గోధుమ రంగుల్లో మొరం. చేత్తో నలిపితే గరుగ్గా రాలుతుంది. మధ్య మధ్య తెల్లగా, మెత్తగా మచ్చలు కనిపిస్తాయి. గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం యుగాల తరబడి నీరు తగిలి బంకమట్టిగా మారిన గుర్తులవి. మొరంలో అక్కడక్కడా గుండ్రటి బండలు ఇరుక్కుని ఉంటాయి. ఇంకా కిందికి చూస్తే బూడిదరంగు రాయి, అందులో అడ్డంగా సాగిన సన్నని పగుళ్లు. వానలు వెలిసిన కొత్తలో అయితే ఆ పగుళ్ల వెంబడి నీటి చెమ్మ కారుతూ ఉంటుంది. నగరంలో మనం భూగర్భ జలం అని పిలిచేదంతా ఆ మొరంలో, ఆ పగుళ్లలో ఉన్నదే. చాలామంది ఊహించుకున్నట్టు భూమి లోపల పారే నదులేవీ ఇక్కడ లేవు.

ఈ పొరలు ఎంత నీటిని దాస్తాయి? దేశంలో భూగర్భ జలాల అంచనాకు వాడే ప్రామాణిక లెక్కల ప్రకారం, శిథిల గ్రానైటు పొరలో ఒక ఘనమీటరు నుంచి మనం తోడుకోగలిగేది 15 నుంచి 30 లీటర్లు. బంకమట్టి ఎక్కువగా ఉంటే 15, తక్కువగా ఉంటే 30. పగుళ్లు అరుదుగా ఉన్న గట్టి రాయి అయితే 3 లీటర్లే. అదే ఇసుక ఎక్కువగా ఉన్న ఒండ్రు నేలలో 160 లీటర్లు. గంగా మైదానంలో అలాంటి ఒండ్రు వందల మీటర్ల మందాన పరచుకుని ఉంది. మన మొరం సాధారణంగా పది, ఇరవై మీటర్లకు మించదు. వాళ్ల కింద ఉన్నది గాదె అయితే మన కింద ఉన్నది కుండ. మంచి వానాకాలం వస్తే నిండుతుంది, ఒకటి రెండు వేసవులు గడిస్తే అడుగంటుతుంది. పంజాబ్‌లో భూగర్భ జలం దశాబ్దాలుగా ఏటా కొంత చొప్పున దిగజారుతోంది. ఇక్కడి కథ అలా సాగదు. ఒక ఏడాది జలమట్టం పైకి ఎగబాకుతుంది, మరుసటి ఏడాది జారిపోతుంది. ఏ ఏడుకా ఏడు బతికే వ్యవస్థ ఇది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ఎందుకంటే వాతావరణ మార్పు దెబ్బ సరిగ్గా ఇక్కడే తగులుతుంది.

పత్రికల్లో తరచూ కనిపించే ఒక వార్తను ఎలా చదవాలో కూడా ఈ అంకెలే చెబుతాయి. ‘జలమట్టం 5 మీటర్లు పెరిగింది’ అని రాస్తే మనం సంతోషిస్తాం. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లకు పైచిలుకు వాన పడుతుంది. అందులో పదో వంతు ఇంకిందనుకుంటే 80 మిల్లీమీటర్లు, అంటే చదరపు మీటరుకు 80 లీటర్లు. ఘనమీటరుకు 30 లీటర్లు పట్టే మొరంలో ఆ నీటికి మట్టం రెండున్నర మీటర్లకు పైగా పెరుగుతుంది. 15 లీటర్లే పట్టే చోట 5 మీటర్లు దాటుతుంది. గట్టి రాయిలో అయితే పాతిక మీటర్లు పైకి వస్తుంది. మూడు చోట్లా ఇంకిన నీరు ఒక్కటే. పొర ఎంత పిసినారిదైతే మట్టం అంత గబగబా పెరుగుతుంది, తోడడం మొదలుపెట్టగానే అంతే గబగబా పడిపోతుంది.

బోరు వేసేటప్పుడు కూడా ఇదే బయటపడుతుంది. రిగ్గు వచ్చి ఆరున్నర అంగుళాల బోరు దింపడం మొదలుపెడుతుంది. మొరం కూలకుండా గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు వేస్తారు. ఆ తరువాత కంప్రెసర్ గాలికి రాతిపొడి పైకి లేచి చుట్టుపక్కల చెట్లన్నీ తెల్లబడతాయి. దుమ్ము ఆగి బురద చిమ్మితే పగులు తగిలినట్టు. అర అంగుళం నీళ్లా, రెండంగుళాలా అని అప్పుడు కొలుస్తారు. ఏమీ పడకపోతే ఇంకో వంద అడుగులు, ఇంకో వంద అడుగులు అంటూ లోతుకు పోతారు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలతో కలిసి నగరానికి దక్షిణాన మహేశ్వరంలోనూ, విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గరా ఏళ్ల తరబడి ఈ రాతిని పరిశీలించింది. అక్కడ తేలిందేమిటంటే, నీరు పారే పగుళ్లు ఎక్కువగా మొరానికి ఆనుకుని దాని కిందనే ఉంటాయి. లోతు పెరిగేకొద్దీ అవి వేగంగా తగ్గిపోతాయి. వెయ్యి అడుగులు దించిన బోరు పది రెట్లు నీళ్లిస్తుందనుకోవడం అడియాసే. ఆ లోతులో ఏదైనా పగులు తగిలినా, దానికి నీరు చేరాల్సింది పైనున్న మొరం నుంచే.

ఆ పరిశోధనల్లో తేలిన మరో విషయం అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశాల్లో తరచూ వినిపించే ఫిర్యాదుకు సమాధానం చెబుతుంది. ‘పక్క బిల్డింగ్ బోరులో నీళ్లున్నాయి, మన బోరులో ఎందుకు లేవు?’ జలమట్టం పైన, అంటే మొరంలో ఉన్నంతకాలం ఆ పొర ద్వారా చుట్టుపక్కల నీరంతా కలిసే ఉంటుంది. ఒక బోరు తోడితే నలుదిక్కుల నుంచీ నీరు వచ్చి చేరుతుంది. మట్టం మొరం దాటి రాతిలోకి దిగిందంటే ఆ కలయిక తెగిపోతుంది. ఒక్కో పగుళ్ల గుంపు ఒక్కో విడి అరగా మారుతుంది. మన అరలో నీరు అయిపోతే అయిపోయినట్టే. ఇరవై గజాల అవతల ఇంకో అరలో నీరున్నా అది మనదాకా రాదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో బోర్లు హఠాత్తుగా ఆగిపోవడానికి ఇదే ముఖ్య కారణం.

ఆకాశంలో మారినది

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచగల నీటి ఆవిరి దాదాపు 7 శాతం పెరుగుతుంది. ఈ ఒక్క భౌతిక సూత్రం నుంచి రెండు పరిణామాలు పుడతాయి. నేల నుంచీ చెట్ల నుంచీ గాలి మరింత తేమ లాగేసుకుంటుంది. వాన పడేటప్పుడు మరింత భారీగా పడుతుంది. ఆవిరి కూడగట్టుకోవడానికీ కుమ్మరించడానికీ మధ్య వాన లేని రోజులు పెరుగుతాయి.

దేశంలో ఇది జరుగుతోందనడానికి ఆధారాలు ఉన్నాయి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన వాతావరణ మార్పు అంచనా నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951–2015 మధ్య నైరుతి రుతుపవనాల వర్షపాతం 6 శాతం మేర తగ్గింది. అదే కాలంలో మధ్య భారతంలో రోజుకు 15 సెంటీమీటర్లు దాటిన కుంభవృష్టి ఘటనలు దాదాపు 75 శాతం పెరిగాయి. వానాకాలం నడుమ వచ్చే పొడి విరామాలు కూడా, 1951–1980తో పోలిస్తే 1981–2011 మధ్య, 27 శాతం ఎక్కువయ్యాయి. అంటే మొత్తం వాన కాస్త తగ్గి, పడే వాన మాత్రం తక్కువ రోజుల్లోకి కుదించుకుపోతోంది.

హైదరాబాద్ ఈ మార్పును కళ్లారా చూసింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబరు 13న నగరంలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు పడింది. ఇలాంటి వానలు ఈ ఊరికి కొత్త కావు, 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తినప్పుడు వేలమంది ప్రాణాలు పోయాయి. కాబట్టి ఏ ఒక్క వానను చూపించి ఇది వాతావరణ మార్పు పనే అనడం తొందరపాటు అవుతుంది. ఇలాంటి రోజులు ఎంత తరచుగా వస్తున్నాయి, వాటి నడుమ విరామం ఎంత పొడవవుతోంది అన్నదే చూడాలి.

విరామం భూగర్భ జలాన్ని ఎలా దెబ్బతీస్తుందో చూద్దాం. జూన్‌లో పడే తొలి వానల నీరు జలమట్టం దాకా పోదు. వేసవి ఎండకు నోరు తెరిచిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది. వేళ్లున్న మేర మట్టి తడిసి, ఇక పట్టలేనంటేనే మిగిలిన నీరు కిందికి జారుతుంది. జులైలో వాన ఆగకుండా పడుతూ ఉంటే ఆ గడప దాటుతాం. తరువాత పడే ప్రతి వానలో కొంత లోపలికి చేరుతుంది. మధ్యలో మూడు వారాలు ఎండ కాసిందంటే మట్టిలోని తడి ఆవిరైపోతుంది, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. వేడి పెరిగిన గాలి ఆ తడిని ఇంకా తొందరగా లాగేస్తుంది. 2023 ఆగస్టులో జరిగింది ఇదే. జులైలో నానిన నేల ఆగస్టులో ఎండిపోయింది. సెప్టెంబరు వానల్లో కొంత ఆ నేలను మళ్లీ తడపడానికే ఖర్చయింది. మొత్తం సెంటీమీటర్ల లెక్కలో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

కుండపోత అంతా వృథాయేనా?

భారీ వాన పడితే అంతా కాలువల్లోకి పోతుంది, లోపలికి ఏమీ ఇంకదు అని అందరూ అనుకునే మాట. ఇందులో సగమే నిజం ఉంది. ఆఫ్రికాలోని టాంజానియాలో మకుటపోరా అనే చోట, మన లాంటి శిథిల గ్రానైటు పొరలోనే, 1955 నుంచి 55 ఏళ్ల పాటు జలమట్టం కొలిచిన అరుదైన రికార్డు ఉంది. 2013లో శాస్త్రవేత్తలు దాన్ని విశ్లేషించి చూస్తే, అక్కడ భూగర్భ జలం నిండింది ఏటా పడే మామూలు వానలతో కాదని, ఎప్పుడో ఒకసారి వచ్చే అసాధారణ భారీ వర్షాలతోనని తేలింది. 2018లో గాంధీనగర్ ఐఐటీ పరిశోధకుల బృందం మన దేశం లెక్కలు తీసినప్పుడు కూడా ఆశ్చర్యమే ఎదురైంది. వాయవ్య, ఉత్తర మధ్య భారతంలో నెమ్మదిగా పడే తేలికపాటి వానలు భూగర్భ జలాన్ని నింపుతుంటే, దక్షిణ భారతంలో భారీ వానలకే జలమట్టంతో గట్టి సంబంధం కనిపించింది.

కారణం ఊహించడం కష్టం కాదు. పలుచటి నేల, ఎండకు ఆవిరయ్యే తడి, ఏటవాలు భూమి ఉన్న చోట చిన్న వాన మట్టిలోనే ఆగిపోతుంది. పెద్ద వాన మాత్రమే ఆ గడపను ఒక్కసారిగా దాటగలదు. అయితే ఒక షరతు ఉంది. ఆ పెద్ద వాన నీరు కొన్ని వారాలైనా ఎక్కడో ఒకచోట నిలవాలి. దక్కన్‌లో ఆ పని చేసినవి చెరువులు. కాకతీయుల కాలం నుంచీ ఒక చెరువు అలుగు దుమికితే ఆ నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా తవ్వుకుంటూ వచ్చారు. 1560ల్లో కట్టిన హుస్సేన్‌సాగర్ కూడా ఆ సంప్రదాయానికి చెందినదే. రెండు రోజుల్లో పడిన వానను ఆరు నెలలు నిలబెట్టే ఏర్పాటు అది. నిలిచిన నీరు కొంత పొలానికి పోయేది, కొంత కట్ట కింది బావుల్లో ఊరేది. 1908 వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచన మేరకు కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కూడా పెద్ద ఎత్తున చేసిందదే. వరదను ఎగువనే ఆపి తాగునీటిగా మార్చాయి.

కాబట్టి వాతావరణ మార్పు మన మీదికి తెస్తున్న కుంభవృష్టిని కేవలం ప్రమాదంగా చూడడం పొరపాటని నా నమ్మకం. ఈ రాతినేలకు ఇక మీద ముఖ్యమైన నీటి రాబడి అదే కావచ్చు. దాన్ని అందుకునే చెరువు ఉందా లేదా అన్నదాని మీదే అది నీరవుతుందా, వరదవుతుందా అన్నది తేలుతుంది. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు గుర్రం చెరువు, పల్లె చెరువు కట్టలు తెగి బస్తీలు మునిగినప్పుడు మనకు వరద మాత్రమే దక్కింది.

నగరం చేసిన పని

రోడ్డు, సిమెంటు వాకిలి, పార్కింగు కింద నేల మూసుకుపోవడం అందరికీ తెలిసిన విషయమే, దాని గురించి ఎక్కువ చెప్పను. అంతగా చర్చకు రానిది సెల్లార్ల సంగతి. పడమటి నగరంలో ఆకాశహర్మ్యాలకు మూడు నాలుగు అంతస్తుల సెల్లార్లు తవ్వుతున్నారు. పది పన్నెండు మీటర్ల లోతు అంటే దాదాపు మొరం మందం మొత్తం. ఆ మొరాన్ని టిప్పర్లలో ఎత్తి ఎక్కడో గుంతలు పూడ్చడానికి తీసుకుపోతున్నారు. అంటే నీరు ఇంకే నేలను మూసేయడంతో సరిపెట్టలేదు, నీరు దాచే పొరనే తవ్వి పారేస్తున్నాం. మూసిన నేలను మళ్లీ తెరవవచ్చు. యుగాల తరబడి శిథిలమై ఏర్పడిన పొరను ఎవరూ తిరిగి తయారుచేయలేరు. పైగా తవ్వకం సాగినన్నాళ్లూ ఊరే నీటిని మోటార్లు పెట్టి నాలాలోకి వదులుతారు. ఆ వీధిలోనే ట్యాంకరు కోసం బారులు తీరిన జనం ఉంటారు.

ఇక ఇంకుడు గుంతలు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం నుంచీ వాన నీటి సంరక్షణ మీద నిబంధనలున్నాయి, నేను వాటికి గట్టి మద్దతుదారును. అయినా వాటి శక్తి ఎంతో నిజాయితీగా లెక్క వేసుకోవాలి. 100 ఫ్లాట్ల సముదాయం, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రామాణిక వాడకం. రోజుకు 54 వేల లీటర్లు, ఏడాదికి దాదాపు 2 కోట్ల లీటర్లు. ఆ సముదాయం ఒక ఎకరంలో ఉందనుకుంటే, ఆ ఎకరం మీద ఏడాది పొడవునా పడే వాన మొత్తం కలిపినా 32 లక్షల లీటర్లే. చుక్క పోకుండా పట్టినా రెండు నెలల అవసరానికి మించదు. సహజంగా పదో వంతు ఇంకితే 3 లక్షల పైచిలుకు లీటర్లు. ఆ లెక్కన ఒక్క సముదాయం పూర్తిగా బోరు మీద బతకాలంటే 60 ఎకరాల నేల దాని కోసమే నీరింకించాలి. నగరంలో అన్ని ఎకరాలు ఎక్కడున్నాయి? అందుకే ఎత్తైన భవనాలు కేవలం బోరు మీద నడవడం లెక్కకే నిలవదు. కుళాయి నీరు, వాడిన నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడడం, వాన నీరు మూడూ కలవాల్సిందే.

గుంత పరిమాణం కూడా చూడాలి. పొడవు, వెడల్పు, లోతు రెండేసి మీటర్లు ఉన్న గుంతలో కంకర నింపాక మిగిలే ఖాళీ మూడు వేల లీటర్లకు కాస్త పైన. 2020 అక్టోబరు 13న ఒక ఎకరం మీద పడింది ఏడున్నర లక్షల లీటర్లు. రోజంతా ముసురుగా పడే వానకు ఆ గుంత చక్కగా పనిచేస్తుంది, గంటలో కురిసే జడివానను పట్టలేదు. అదే 20 ఎకరాల చెరువులో ఒక్క మీటరు లోతు నీరు నిలిస్తే 8 కోట్ల లీటర్లు, అలాంటి గుంతలు పాతిక వేలకు సమానం. వాన తీరు మారేకొద్దీ ఇంటి గుంత కంటే వీధి చివరి కుంట విలువ పెరుగుతుంది. చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే నేలలో, లేచిన ఒక్కో నిర్మాణం ఎన్ని వేల గుంతల పని పాడుచేస్తోందో ఈ లెక్కే చెబుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవోను 2022లో 69 జీవోతో సడలించాలనుకోవడాన్ని కూడా ఈ వెలుగులోనే చూడాలి.

వేడి, దాహం, విషం

వాతావరణ మార్పు రాబడిని మాత్రమే తాకదు, ఖర్చును కూడా పెంచుతుంది. వేసవి ముదిరితే పైరుకు తడి ఎక్కువ కావాలి, మనిషికి నీళ్లు ఎక్కువ కావాలి, చెట్టుకూ కావాలి. దేశంలో తోడే భూగర్భ జలంలో 85 శాతానికి పైగా సాగుకే పోతుంది. వేడికి తట్టుకోవడానికి రైతులు మరింత తోడడం వల్ల దేశంలో భూగర్భ జలం తరిగే వేగం 2041–2080 మధ్య ఇప్పటికి మూడు రెట్లు కావచ్చని 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నేతృత్వంలో వెలువడిన అధ్యయనం హెచ్చరించింది. హైదరాబాద్‌కు ఇది దూరపు విషయం కాదు. ఎండాకాలంలో మనకు ప్రైవేటు ట్యాంకర్లు తెచ్చే నీరు చాలావరకు శివారు పల్లెల పొలాల బోర్లదే. యాసంగి పైరూ, నగరపు దాహమూ ఒకే రాతి పగుళ్ల మీద పోటీ పడతాయి. ట్యాంకరు ధర పలికినప్పుడు పైరు ఓడిపోతుంది.

నది నీరు ఉంది కదా అనవచ్చు. కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచీ, గోదావరి నీరు ఎల్లంపల్లి నుంచీ వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి నగరానికి వస్తోంది. ఈ నీరు లేకపోతే నగరం ఒక్క రోజు నడవదు. కానీ ఆ జలాశయాలను నింపేదీ రుతుపవనమే. వాన తడబడిన ఏడాది నదీ, బోరూ రెండూ ఒకేసారి బలహీనపడతాయి. భూగర్భ జలం కష్టకాలపు దాపుడు కావాలంటే ఆ కష్టం వచ్చేనాటికి అది నిండి ఉండాలి. మనం మాత్రం మామూలు రోజుల్లోనే దాన్ని ఖాళీ చేసి పెట్టుకుంటున్నాం.

నాణ్యత సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. గ్రానైటులో ఫ్లోరైడు సహజంగానే ఉంటుంది. రాతితో నీరు ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అంత ఫ్లోరైడు కరుగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన వెన్నులు చూసిన వాళ్లకు దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. కొత్త వాన నీరు సరిగా చేరకపోతే, లోతు పగుళ్లలో ఏళ్లుగా నిలిచిన నీటిని తోడుకుంటే, ఈ సమస్య పెరుగుతుంది. నగరం లోపల మరో తరహా కలుషితం ఉంది. పాత బస్తీల్లో జలమట్టం కొన్నిచోట్ల పైనే ఉంటుంది, అది మంచి లక్షణంగా కనిపిస్తుంది. కారుతున్న పైపులు, మురుగు కాలువల నుంచి ఇంకిన నీరు అందులో కలిసి ఉంటుంది. అందులోని నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి దాటితే పసిపిల్లలకు ప్రమాదకరం. జడివాన పడి మురుగు, వరద కలిసి పారిన ప్రతిసారీ ఈ కలుషితం ఇంకొంచెం లోపలికి దిగుతుంది. మురుగు చేరే చెరువు నిండి ఉన్నా ఉపయోగం లేదు. ఆ చెరువు కింది బోరులోకి కూడా ఆ మురుగే ఊరుతుంది.

ఇప్పుడు ఏం చేయాలి?

మొదటిది సెల్లార్లు. ఎంత లోతు తవ్వాలన్నదాన్ని కేవలం పార్కింగు అవసరంతో నిర్ణయించడం ఆపాలి. అక్కడి మొరం మందం ఎంతో కొలిచి, దానికి పరిమితి పెట్టాలి. తవ్వకంలో ఊరిన నీటిని నాలాలోకి వదలకుండా నిర్మాణానికో, దగ్గర్లోని కుంటకో మళ్లించాలి. రెండోది, చెరువుల మధ్య గొలుసు కాలువలు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక ఆక్రమణల తొలగింపు మీద అందరి దృష్టీ పడింది. చెరువు చుట్టూ కంచె వేసినంత మాత్రాన వాన నీరు అందులోకి రాదు. అలుగు నుంచి కింది చెరువు దాకా కాలువ తెరిచి ఉండాలి, మురుగు దానిలో కలవకుండా వేరే పైపు ఉండాలి. పేదల ఇళ్లు అడ్డొచ్చిన చోట వాళ్లకు ముందు వేరే గూడు చూపించాలి. ఖర్చుతో, ఓపికతో కూడిన పని ఇది. దీనికి దగ్గరిదారి నాకైతే కనిపించడం లేదు. మూడోది చట్టం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం నాటి నుంచీ భూమి ఎవరిదో కింది నీరూ వాళ్లదే అన్న ఆలోచన మనలో నాటుకుపోయింది. మొరంలో నీరు గోడలు చూసుకుని పారదు. నీళ్లు అమ్ముకునే బోర్లకైనా మీటర్లు పెట్టి తీరాలి.

ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో చేయగలిగిన పని ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. వానలు వెలిశాక నవంబరులో ఒకసారి, వేసవి చివర మేలో మరోసారి బోరులో నీటి లోతు కొలవాలి. కొలిచే ముందు మోటారు కొన్ని గంటలు ఆపి ఉంచాలి. భూగర్భ జల శాఖ తన పరిశీలక బావులతో ఇదే పని చేస్తుంది. కేసింగ్ ఎంత లోతు వేశారో బోరు వేసిననాటి బిల్లులో ఉంటుంది. మొరం ఎక్కడ ముగుస్తుందో దాదాపుగా ఆ అంకె చెబుతుంది. నవంబరులోనే నీటిమట్టం ఆ లోతుకు దగ్గరగా ఉందంటే, ఫిబ్రవరి దాటేసరికి బోరు తన పగుళ్ల అర మీద ఒంటరిగా మిగులుతుంది. అప్పుడు తోటకు శుద్ధి చేసిన నీరు మళ్లించడం, కార్ల కడుగుడు ఆపడం, కుళాయి కనెక్షను సామర్థ్యం పెంచమని దరఖాస్తు పెట్టడం వంటివన్నీ డిసెంబరు సమావేశంలోనే తేల్చుకోవచ్చు. ఏప్రిల్‌లో ఇంకో రిగ్గును పిలిచి వెయ్యి అడుగులు దింపడానికి పోగుచేసే చందాతో ఈ పనుల్లో చాలావరకు పూర్తవుతాయి.